పెరటి చెట్టు – ప్రొఫెసర్ లాంగ్‌హెయిర్ కథ

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు ఊరకే అనలేదు. ఆ మాటలో చెట్టుకు నింద లేదు. పెరట్లోనే ఉన్న కారణంగా దాని విలువ తెలుసుకోలేని ఇంటివారికే నింద. ఈ సామెత ఒక్క మన దేశానికే చెందినది కాదని, సముద్రాల కవతల ఒక నగరంలో బ్రతికిన పియానో విద్వాంసుని జీవితం రుజువు చేసింది. ఆ కథ ఈ రోజు చెప్పుకుందాం.

అమెరికా దేశపు దక్షిణాన, లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున న్యూ ఆర్లియన్స్ అనే రేవుపట్టణం ఉన్నది. అక్కడ ఏటా మార్డీ గ్రా అనే ఉత్సవం జరుగుతుంది. క్రైస్తవుల నలభై దినాల ఉపవాసదీక్ష మొదలయ్యే ముందురోజు అది. ఊరంతా వేషాలు, ఊరేగింపులు, బాకాల మోతలు. ఆ ఉత్సవానికి గుర్తుగా నిలిచిపోయిన పాటల్లో ఒకటి 1959లో రికార్డుగా వచ్చిన 'గో టు ద మార్డీ గ్రా'. పండుగకు రమ్మని పిలిచే పాట అది. ఈల, పియానో పోటీపడి ఉరకలు వేస్తాయి. ఆ పాట కట్టి పాడిన మనిషి మాత్రం 1960ల చివరి సంవత్సరాల్లో అదే ఊళ్ళో, ఒక రికార్డుల దుకాణంలో చీపురు పట్టి నేల ఊడుస్తున్నాడు. పాట అందరికీ తెలుసు. పాడినవాడు ఏమయ్యాడో అడిగినవాడు లేడు.

ఆయన అసలు పేరు హెన్రీ రోలండ్ బర్డ్. లోకానికి తెలిసిన పేరు ప్రొఫెసర్ లాంగ్‌హెయిర్, అనగా పొడుగు జుట్టు ఆచార్యుడు. ఆప్తులు 'ఫెస్' అని పిలిచేవారు.

బర్డ్ 1918 డిసెంబరు 19న లూసియానాలోనే బొగలూసా అనే కలప కోత మిల్లుల ఊళ్ళో జన్మించాడు. పసితనంలోనే తల్లి ఆయనను న్యూ ఆర్లియన్స్‌కు తెచ్చింది. నల్లజాతి పేద కుటుంబం. చదువు అంతంతమాత్రం. బూట్ల చప్పుడుతో తాళం వేసే నాట్యం ఒకటి ఆ దేశంలో ఉన్నది. ఆ పిల్లవాడు వీధుల్లో ఆ నాట్యం చేసి దారిన పోయేవారు వేసే చిల్లర డబ్బులు ఏరుకొనేవాడు. ఆయన సంగీతానికి మూలం ఈ పాదాల్లోనే ఉన్నదని నాకు తోస్తుంది. పెద్దయ్యాక పియానో వాయించేటప్పుడు కూడా కుడికాలితో పియానో చెక్కను తన్నుతూ తాళం వేసేవాడు. ఆ దెబ్బలకు పియానోలు పగిలేవట.

పియానో ఆయనకు దొరికిన తీరు కూడా విచిత్రమే. ఎవరో పారవేసిన ఒక పాత పియానో మీద సాధన మొదలుపెట్టాడని చెబుతారు. పియానోకు ఎనభై ఎనిమిది మెట్లుంటాయి. మెట్టు నొక్కితే లోపల ఒక చిన్న సుత్తి తీగను కొడుతుంది. అప్పుడు స్వరం పలుకుతుంది. ఆ పాత పియానోలో కొన్ని మెట్లు పలికేవి కావు. పలకని చోట్లను దాటుకుంటూ, పలికే మెట్ల మీదుగా వేళ్ళను పరుగెత్తించడం ఆ కుర్రవాడు నేర్చుకున్నాడు. లేనిదాని చుట్టూ దారి వెదకడమే ఆయన తొలి పాఠమైనది. తరువాత టట్స్ వాషింగ్టన్ మొదలైన పాతకాలపు పియానో వాద్యకారుల పక్కన చేరి, చూచి, విని, విద్య గ్రహించాడు. గురుకులం అనదగినది ఏదైనా ఉంటే అది మద్యశాలలే.

అయితే యౌవనంలో ఆయనకు అన్నం పెట్టినది సంగీతం కాదు, పేకాట. 1937లో, ఆర్థిక మాంద్యపు రోజుల్లో, నిరుద్యోగ యువకులకు ప్రభుత్వం పని కల్పించే శిబిరంలో చేరాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కొద్దికాలం సైన్యంలో ఉండి, అనారోగ్య కారణాన వెనుకకు వచ్చాడు. ముప్పై ఏళ్ళు నిండవచ్చే వరకు ఆయనను పియానో విద్వాంసుడని ఎవరూ లెక్కించలేదు.

1948లో ఒక చిన్న సంఘటన జరిగినది. ఆ నగరంలో కాల్డోనియా ఇన్ అనే మద్యశాల ఉండేది. అక్కడ డేవ్ బార్తొలొమ్యూ అనే పేరుపడ్డ సంగీతకారుని బృందం కచేరీ చేస్తున్నది. విరామ సమయంలో బర్డ్ పోయి పియానో ముందు కూర్చున్నాడు. జనం ఎంతగా ఆకర్షితులయ్యారంటే యజమాని ఆ బృందాన్ని మానిపించి బర్డ్‌ను పెట్టుకున్నాడని చెబుతారు. ఆయన జుట్టు పొడవుగా ఉండటం చూచి ప్రొఫెసర్ లాంగ్‌హెయిర్ అని పేరు పెట్టినదీ ఆ యజమానే. మద్యశాలల్లో పియానో వాయించేవారిని 'ప్రొఫెసర్' అనడం ఆ ఊళ్ళో పాత వాడుక. ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వని బిరుదు ఆయనకు చివరిదాకా నిలిచినది.

ఇక్కడ ఆయన వాద్యంలోని విశేషం కొంత చెప్పాలి. న్యూ ఆర్లియన్స్ ఫ్రెంచివారు 1718లో స్థాపించిన ఊరు. మధ్యలో స్పెయిన్ పాలనలో కొంతకాలం ఉండి, 1803లో అమెరికా చేతికి వచ్చింది. రేవుపట్టణం కావడంతో క్యూబా ద్వీపంతో రాకపోకలు ఎక్కువ. ఆఫ్రికా నుంచి బానిసలుగా తేబడినవారి తాళగతులు, క్యూబా రుంబా నడకలు, నల్లజాతివారి బ్లూస్ గానం, అన్నీ ఆ ఊరి గాలిలో కలిసి ఉన్నాయి. లాంగ్‌హెయిర్ వాటిని పది వేళ్ళ మీదికి తెచ్చాడు. ఎడమచేయి రుంబా నడక నడుస్తుంటే కుడిచేయి బ్లూస్ గమకాలను జలజల రాలుస్తుంది. దెబ్బలు సమంగా పడవు. ముందు మూడు, తరువాత రెండు అన్నట్లుగా విరిగి, మళ్ళీ సమానికి వచ్చి కలుస్తాయి. తాళజ్ఞానమున్న మన శ్రోత వింటే, అక్షరాలను ఇటుదటు చేసి లెక్క తప్పనీయని మృదంగ విద్వాంసుడు జ్ఞాపకం రాక మానడు. ఇక ఆయన గొంతు బొంగురు. ఉన్నట్టుండి కీచుమని పైకి లేచి విరిగిపోతుంది. శాస్త్రం ప్రకారం లోపమే కావచ్చును. ఆ లోపమే ఆయన ముద్ర.

ఈ సంగీతానికి 'రిథమ్ అండ్ బ్లూస్' అనే పేరు స్థిరపడినది 1949లో. అంతవరకు నల్లజాతివారి రికార్డులను జాతి పేరుతోనే వేరుచేసి పిలిచేవారు. ఆ ఏడు బిల్‌బోర్డ్ పత్రిక తన పట్టికకు ఈ కొత్త పేరు పెట్టింది. సరిగ్గా అదే సంవత్సరం లాంగ్‌హెయిర్ తొలి రికార్డులు చేశాడు. 1950లో మెర్క్యురీ సంస్థ విడుదల చేసిన 'బాల్డ్ హెడ్', అనగా 'బట్టతల', ఆ పట్టికలో ఐదవ స్థానానికి చేరినది. పొడుగు జుట్టు ఆచార్యునికి పేరు తెచ్చినది బట్టతల పాట! దేశమంతటా వినిపించిన పాట ఆయన జీవితకాలంలో అదొక్కటే.

అట్లాంటిక్ సంస్థ అధిపతి అహ్మెత్ ఎర్టెగున్ ఆ రోజుల ముచ్చట ఒకటి తరువాతి కాలంలో చెప్పేవాడు. ఈయన కీర్తి విని, భాగస్వామితో కలిసి వెదుక్కుంటూ ఊరి శివార్లకు పోయాడట. దూరానికి పెద్ద బృందమే వాయిస్తున్నట్లు వినిపించినదట. లోపలికి పోయి చూస్తే ఒకే ఒక్క మనిషి, ఒకే ఒక్క పియానో. తీరా అడిగితే ఆయన అప్పటికే మరో సంస్థకు మాట ఇచ్చి ఉన్నాడు. అయినా అట్లాంటిక్ వారు ఆయన పాటలు రికార్డు చేసుకున్నారు.

ఈ ముచ్చటలోనే ఆయన దురదృష్టానికి బీజమున్నది. ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు, అక్కడి నుంచి ఇంకొక చిన్న సంస్థకు ఆయన మారుతూ పోయాడు. ఒక రికార్డు మీద రాయ్ బర్డ్, మరొకదాని మీద రోలండ్ బర్డ్, ఇంకొకదాని మీద ప్రొఫెసర్ లాంగ్‌హెయిర్. ఒకే మనిషి పేరు ముక్కలై అట్టల మీద చెదిరిపోయినది. మార్డీ గ్రా పాటనే వేర్వేరు సంస్థలకు మూడు పర్యాయాలు రికార్డు చేశాడు. పాట నిలిచినది గాని, ధనం నిలువలేదు. అదే ఊళ్ళో అదే 1949లో తొలి రికార్డు చేసిన ఫాట్స్ డామినో లోకప్రసిద్ధుడై కోట్ల కొలది రికార్డులు అమ్మాడు. డామినో కూడా లాంగ్‌హెయిర్ మార్డీ గ్రా పాటను 1953లో పాడాడు. ఒకే నేలలో మొలిచిన రెండు చెట్లలో ఒకటి రాజవీధికి పోయినది, ఒకటి పెరట్లో మిగిలినది.

1953 నవంబరులో కోసిమో మటాస స్టూడియోలో ఆయన 'టిపిటీనా' పాట రికార్డు చేశాడు. డ్రమ్ములు వాయించినవాడు ఎర్ల్ పామర్. ఆ పేరుకు నిశ్చితమైన అర్థం చెప్పబోతే పండితులకు కూడా శ్రమే. ధ్వనే దాని అర్థం. అప్పుడు దేశంలో పెద్దగా అమ్ముడుపోలేదు. కాని ఆ ఊళ్ళో పియానో నేర్చుకునే ప్రతి కుర్రవాడికీ అది బాలశిక్ష అయినది. మరికొద్దికాలానికే లాంగ్‌హెయిర్‌కు పక్షవాతపు పోటు తగిలినది. చేతులే జీవనాధారమైనవానికి అది ఎంతటి దెబ్బో వేరే చెప్పనక్కరలేదు. తేరుకుని మళ్ళీ వాయించాడు. 1964లో వచ్చిన 'బిగ్ చీఫ్' ఆయన పేరిట వచ్చిన గొప్ప రికార్డు. మార్డీ గ్రా నాడు ఈకల కిరీటాలు, పూసల దుస్తులు ధరించి వీధుల్లోకి వచ్చే నల్లజాతి దండుల నాయకుని గురించిన పాట. పియానో లాంగ్‌హెయిర్‌దే గాని, పాట కట్టినదీ, పాడినదీ, ఈల వేసినదీ ఎర్ల్ కింగ్ అనే మరో కళాకారుడు. తన రికార్డులోనే తన గొంతు లేకుండా పోయినది.

ఆ సంవత్సరమే ఇంగ్లండు నుంచి బీటిల్స్ ప్రభంజనం అమెరికాను ముంచెత్తినది. చిన్న రికార్డుల సంస్థలు మూతపడినవి. న్యూ ఆర్లియన్స్ వాద్యకారులు పలువురు పొట్టకూటికి వేరే నగరాలకు వలసపోయారు. లాంగ్‌హెయిర్ పోలేదు. మళ్ళీ పేకాట. దానితోపాటు సౌత్ రాంపార్ట్ వీధిలోని రికార్డుల దుకాణంలో ఊడ్చే పని. ఆ దశలో ఆయన వయసు యాభై.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆయన అజ్ఞాతంలో ఉన్న రోజుల్లో ఆయన విద్య అజ్ఞాతంలో లేదు. అలెన్ టూసాన్ అనే ప్రతిభాశాలి బాల్యంలో ఈయన రికార్డులు విని అభ్యసించి, పెద్దవాడై, ఆ ఊరి పాటలకు బాణీలు కట్టడంలో అగ్రగణ్యుడైనాడు. డాక్టర్ జాన్ అనే పేరుతో ప్రసిద్ధుడైన మాక్ రెబెన్నాక్ కుర్రతనంలోనే ఈయనకు శిష్యప్రాయుడు. 1972లో ఆయన వెలువరించిన 'గంబో' ఆల్బములో టిపిటీనా, బిగ్ చీఫ్ రెండూ ఉన్నాయి. విద్య శిష్యుల వేళ్ళ మీద ఊరేగుతున్నది. గురువు చేతిలో చీపురు ఉన్నది.

1970లో ఆ నగరంలో జాజ్ అండ్ హెరిటేజ్ ఫెస్టివల్ అనే సంగీతోత్సవం మొదలైనది. నిర్వాహకులలో క్వింట్ డేవిస్, ఆలిసన్ మైనర్ అనే ఇద్దరు యువతీయువకులున్నారు. ఆ పాట పాడిన మనిషి బ్రతికి ఉన్నాడా, ఉంటే ఎక్కడున్నాడు అని వారు అడిగారు. వారు చేసినది అంతే. కాని అది చాలినది. వెదకగా వెదకగా దుకాణంలో దొరికాడు. శరీరం చిక్కి ఉన్నది. 1971 ఉత్సవంలో ఆయనను వేదిక మీద కూర్చుండబెట్టారు. యాభై రెండేళ్ళ వయసులో ఆయనకు రెండవ జన్మ ఎత్తినట్లయినది.

ఆ తరువాతి తొమ్మిదేళ్ళు ఆయనకు సుకాలం. 1949, 1953 నాటి రికార్డులను కూర్చి అట్లాంటిక్ వారు 1972లో ఆల్బముగా తెచ్చారు. 1973లో న్యూపోర్ట్, స్విట్జర్లాండులోని మాంట్రో సంగీతోత్సవాలకు పోయాడు. ఇల్లు కాలిపోయిన విషాదమొకటి నడుమ వచ్చినా నిలదొక్కుకున్నాడు. 1975 మార్చిలో పాల్ మెకార్ట్నీ, కాలిఫోర్నియా తీరంలో లంగరు వేసిన క్వీన్ మేరీ ఓడ మీద విందు చేస్తూ ఈయనను పిలిపించి కచేరీ చేయించాడు. పదేళ్ళనాడు ఏ గాలివాన ఈయనను మూలకు నెట్టినదో, ఆ గాలివానలోని మనిషే వచ్చి చేయి అందించినట్లయినది. ఆ కచేరీ 1978లో ఆల్బముగా వెలువడినది.

అన్నిటికంటె నన్ను కదిలించినది వేరొకటి. 1977లో ఆయన అభిమానులైన కొందరు యువకులు తలా కొంత డబ్బు వేసుకుని నెపోలియన్, చాపిటూలస్ వీధుల కూడలిలోని పాత భవనంలో ఒక సంగీతశాల తెరిచారు. ఫెస్ తన కడపటి ఏళ్ళలో నిలకడగా వాయించుకునేందుకు ఒక చోటు ఉండాలన్నది వారి సంకల్పం. దానికి 'టిపిటీనాస్' అని ఆయన పాట పేరే పెట్టారు. సన్మానపత్రాలు చదివి, శాలువా కప్పి పంపడం సులభం. పెద్దాయన రోజూ వచ్చి కూర్చునేందుకు ఒక చోటు కల్పించడం కష్టం. ఆ కుర్రవాళ్ళు కష్టమైన దానిని ఎంచుకున్నారు.

1979 నవంబరులో 'క్రాఫిష్ ఫియెస్టా' ఆల్బము పూర్తిచేశాడు. శిష్యప్రాయుడైన డాక్టర్ జాన్ అందులో గిటారు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. అదే సమయంలో స్టీవెన్సన్ పాల్ఫీ అనే దర్శకుడు ఒక చిత్రం తీస్తున్నాడు. టట్స్ వాషింగ్టన్, లాంగ్‌హెయిర్, అలెన్ టూసాన్, మూడు తరాల పియానో వాద్యకారులు ఒకే వేదిక మీద వాయించాలి. మద్యశాలలో పియానో ఒక్కటే ఉంటుంది గనుక పియానో వాద్యకారులు కలిసి వాయించే సందర్భం అరుదు. ఆ భావమే చిత్రానికి పేరు. మువ్వురూ కలిసి సాధన చేశారు. కచేరీ ఇంక రెండు మూడు దినాలున్నదనగా, 1980 జనవరి 30న లాంగ్‌హెయిర్ నిద్రలోనే కన్ను మూశాడు. వయసు అరవై ఒకటి. ఆల్బము విడుదల కూడా ఆ రోజుల్లోనే. చిత్రం 1982లో వచ్చింది. కచేరీ కోసం పెట్టిన కెమెరాలు అంత్యయాత్రను కూడా చూపవలసి వచ్చినది. బాకాల మోతతో, వేల జనంతో, ఊరు తన పెరటి చెట్టును సాగనంపినది.

తరువాత గౌరవాలు వరుసకట్టినవి. 1971–72లో రికార్డు చేసి మూలన పడవేసిన పాటలు 1987లో విడుదలై గ్రామీ పురస్కారం పొందినవి. 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు. టిపిటీనా 2011లో అమెరికా జాతీయ రికార్డింగుల భాండాగారానికి ఎంపికైనది. వేటికీ చూచుకోవడానికి ఆయన లేడు. అయినా ఆయనను పూర్తిగా దురదృష్టవంతుడనలేము. ఆ తొమ్మిదేళ్ళు ఆయన బ్రతికి ఉండగా దక్కినవి.

చదువరులు ఒక మాట అడగవచ్చును: ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన నీకు ఈ పియానో గొడవ ఎందుకని. చెబుతాను. నాకు ఛందస్సు నేర్పిన గురువుగారు ఒకరుండేవారు. ఆయన నేర్పిన పాఠమే నేను వందలమంది పిల్లలకు చెప్పాను. ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో కనుక్కోవాలని ఏటేటా అనుకునేవాడిని. సెలవులు దొరికి, చిరునామా తెలిసి, వెళ్ళేసరికి గోడమీద పూలదండ వేసిన పటం కనిపించినది. క్వింట్ డేవిస్, ఆలిసన్ మైనర్ అడిగిన ప్రశ్ననే నేనూ అడిగాను. వారు సకాలంలో అడిగారు. నేను ఆలస్యంగా అడిగాను. తేడా అంతే.

చివరగా ఒక సంతోషవార్త చెప్పి ముగిస్తాను. టిపిటీనాస్ సంగీతశాల ఈనాటికీ ఉన్నది. గుమ్మం దగ్గరనే ఫెస్ కంచు విగ్రహం. ఆ శాల పేరిట ఏర్పడిన ధర్మసంస్థ నగరంలోని బడులకు వాద్యాలు సమకూర్చే పని తలకెత్తుకున్నది. 2005లో కత్రినా తుఫాను ఆ నగరాన్ని ముంచి వాద్యాలను నీటిపాలు చేసిన తరువాత ఆ పని మరింత అవసరమైనది. పలకని మెట్ల పియానో మీద చదువు మొదలుపెట్టిన పిల్లవాని పాట పేరు చెప్పి, అదే ఊళ్ళో పేదపిల్లల చేతుల్లోకి కొత్త వాద్యాలు వచ్చినవి. ఒక గురువుకు ఇంతకంటె తగిన స్మారకం నాకు తోచడం లేదు.

మీకు ఏదైనా నేర్పినవారు ఎవరైనా బ్రతికి ఉంటే, ఈ వారంలోనే ఒకసారి కనుక్కోండి.

సెలవు.